పెంటయ్య ఎర్రబండి

హుస్సేనీ ఆలం నుంచి సైకిల్ మీద బస్సు డిపోకు రాగానే పెంటయ్య మంటలార్పే ఎర్రబండిని తుడుస్తాడు. రెండు చక్రాల మీద రెండు పీపాలు. ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో నురగ. "పొడి మంటను సంపుతది, నురగ డీజిల్‌ను కప్పుతది. కప్పకుంటే మల్ల లేస్తది," అని మీసం దువ్వుకుంటూ రోజూ అదే పాఠం. ఏటా దసరాకు బండికి నిలువెల్లా రంగు పూసి నిమ్మకాయల దండ వేస్తాడు. పీపాల మూతికున్న మర తిప్పి చూసిన పాపాన మాత్రం పోలేదు. ఒకనాడు ఒలికిన డీజిల్ అంటుకుంది. పొడి కొట్టగానే మంట అణిగింది. పెంటయ్య మొనగాడిలా చుట్టూ చూశాడు. నురగ మర మాత్రం కదల్లేదు. పదేళ్ల రంగు దాన్ని బిగించేసింది. మంట మళ్లీ లేచింది. ఊడ్చే మాణిక్యమ్మే బకెట్లకొద్దీ ఇసుక గుమ్మరించి ఆర్పింది. పెంటయ్య గుడ్డ పట్టుకొని ఉరికొచ్చాడు. "బండి మీద ఇసుక పడనియ్యకు మాణిక్యమ్మా! మొన్ననే రంగేసిన!"