లేషెక్ సమాధి మీద దీపం

నవంబరు ఒకటి, పోయినవాళ్ళ సమాధుల మీద దీపాలు పెట్టే పండగ. తెల్లవారకముందే శ్మశానం గేటు దగ్గర బొగుషా ప్లాస్టిక్ దీపాల మీద ‘రెండు రోజుల వెలుగు’ అన్న కాగితాలు అంటిస్తోంది. అవి మధ్యాహ్నం దాకా కూడా వెలగవని ఆమెకు తెలుసు. రాదోమ్ ఊళ్ళో అందరికీ తెలుసు. అలాంటి నాసిరకం సరుకును అక్కడివాళ్ళు బజేవ్యే అంటారు. చాటున ఆమెనూ అదే పేరుతో పిలుస్తారు.

“పోయినేడు నేను బస్సెక్కేలోపే నీ దీపం ఆరిపోయింది,” అంది ఒక ముసలమ్మ.

“మీ ఆయన గడియారం చూసుకుంటూ పడుకున్నాడా అమ్మమ్మా?”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు గానీ కొంది. చవక మరి.

బొగుషా మొగుడు లేషెక్ ఆ గోడ లోపలే ఉన్నాడు, తండ్రి పక్కన. సమాధి అత్త గెనొవేఫా పేరు మీద ఉంది. అత్త బతికుండగానే తన పేరు రాతి మీద చెక్కించుకుంది: పుట్టిన ఏడు, పక్కన గీత, పోయే ఏడుకి ఖాళీ. ఆమె కాక అందులో ఇంకొక్కరికే చోటుంది. ఆ చోటు కోసమే బొగుషా ఇన్నేళ్ళూ అత్తింటికి సూప్ గిన్నెలు మోసింది. “ఎవరి పేరో ఈ పండక్కి చెప్తాలే,” అంది అత్త.

ఏటా బొగుషా దొంగచాటుగా వేరే కొట్లో మంచి గాజు దీపం కొని మొగుడికి పెట్టేది. పోయినేడు దొరికిపోయింది. “తన మొగుడికి గాజుది, మన మొగుళ్ళకి బజేవ్యేనా?” అని దీపాలు కొన్న ఆడవాళ్ళు గేటు దగ్గర గోల గోల చేశారు. అందుకే ఈసారి తన సరుకే వెలిగించింది. ఆరేలోపు వెళ్ళి మార్చొద్దామనుకుంది. కానీ జనం విరగబడ్డారు. ఏడాది తిండి ఆ ఒక్కరోజు బేరంలోనే ఉంది. వదిలి కదల్లేకపోయింది.

మునిమాపు వేళ అత్తా, ఆడపడుచు రెగీనా, చుట్టాలూ లోపలికి వెళ్ళడం చూసి, కోటు కింద రెండు దీపాలు దాచుకుని పరుగెత్తింది. శ్మశానమంతా ఎర్రగా మెరుస్తోంది. లేషెక్ రాయి ఒక్కటే చీకట్లో ఉంది.

“ఏం వదినా, అన్నయ్యకొక్కడికే కరెంటు తీసేశారా?” అంది రెగీనా.

“ఇప్పుడే ఆరిందత్తయ్యా, గాలికి...”

“ఆ గాలి పక్కవాళ్ళ మీద వీయలేదేం?” అత్త ఆరిన దీపాన్ని చేతికర్రతో పక్కకు నెట్టింది. “పోనీలే. వాడేమన్నా గడియారం చూస్తాడా?”

పొద్దున బొగుషా అన్న మాట అప్పటికే అత్త చెవిన పడింది. చుట్టాలందరూ నవ్వారు. బొగుషా వంగి కొత్తది వెలిగించింది. అదీ ఆరిపోయింది.

ఏప్రిల్లో రాళ్ళు చెక్కేవాడు వచ్చాడు. మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఏదైనా ఉందా అని గేటు దగ్గర అడిగాడు. బొగుషా ఖాళీ దీపాల అట్టపెట్టె ఇచ్చింది. సాయంత్రం వెళ్ళి లేషెక్ రాయి మీద అత్త పేరు కింద చూసింది.

రెగీనా, 1963, గీత.