ఊగే రాయి

బిగింపు మేస్త్రిని అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. టీకొట్టులో బల్ల ఊగితే కాగితం మడిచి కాలి కింద దోపుతాడు. డాక్టరు దగ్గరికెళ్ళి తన జ్వరం సంగతి మర్చిపోయి, వదులైన తలుపు బందు బిగించి వచ్చిన ఘనుడు. “నన్ను చూడ్డానికి మొదటిసారి వచ్చి, ముందు చూసింది మా కుర్చీ కాలునే” అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ముప్ఫై ఏళ్ళుగా సున్నం, సిమెంటు లేకుండా రాతి గోడలు పేర్చినవాడు. ఊగే రాయి కంటపడితే సందులో ఒక రాతి పెచ్చు దూర్చేదాకా ఆ చెయ్యి ఊరుకోదు.

అలాంటివాణ్ణి తీసుకెళ్ళి కొండకోట తవ్వకాల్లో పెట్టారు, చూడండి!

కొండ నడుము చుట్టూ రెండు నిలువుల ఎత్తున పాతకాలపు గోడ. మట్టిలో కూరుకుపోయిన దాన్ని కుంచెలతో, చిన్న తాపీలతో తేలుస్తున్నారు. తవ్వకాల అధికారి మేస్త్రి కూతురి వయసు మనిషి. అందరూ మేడమ్ అంటారు. మొదటి రోజే గట్టిగా చెప్పింది: “ఇక్కడ ఏదీ బాగుచెయ్యకూడదు మేస్త్రీ. వంకరగా ఉంటే వంకరగానే ఉండాలి.” మేస్త్రి బుద్ధిగా తలాడించాడు. ఆయనకి కావలసింది ఒక్కటే. చుక్క సున్నం లేకుండా ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డ ఆ గోడకి అడుగు వరస ఎలా వేశారో కళ్ళారా చూడాలి. పునాది గుంట తవ్వకం రేపు మొదలవుతుంది.

ఈరోజు పెద్ద ఊరి నుంచి ఇద్దరు నిపుణులు వచ్చారు. మేడమ్ ఉత్సాహంగా గోడ మధ్యలో ఒక పెద్ద రాయి చూపించింది.

“దీని కింద మూడు పెచ్చులు చూశారా? శత్రువులు ముట్టడించినప్పుడు హడావిడిగా చేసిన మరమ్మతు ఇది. మన నివేదికకి ఇదే ప్రాణం.”

పక్కన బుట్ట పట్టుకుని నిలబడ్డ మేస్త్రి అటు చూశాడు. పెచ్చు సన్నటి అంచు ఎడమకి తిప్పి దూర్చడం ఆయన అలవాటు. మూడూ ఎడమకే తిరిగి ఉన్నాయి. వారం కిందట మట్టి దులుపుతూ దులుపుతూ, ఆయనకి తెలియకుండానే ఆయన చెయ్యి ఆ పని చక్కబెట్టేసింది! పైన వాన పడి బురద పూసేసరికి పెచ్చులకి వెయ్యేళ్ళ వయసొచ్చింది.

పోయినవారం ఒకాయన కుండపెంకు జేబులో వేసుకున్నాడని అప్పటికప్పుడు ఇంటికి పంపేశారు. ఇప్పుడు నోరు విప్పితే పునాది చూసే యోగం గోవిందా. విప్పకపోతే మేస్త్రి చేతి దురద చరిత్ర అయి కూర్చుంటుంది. బుట్ట కింద పెట్టాడు.

“మేడమ్, ముట్టడీ నాదే, మరమ్మతూ నాదే.”

నిపుణులు పకపకా నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

“ఏమంటున్నారు?”

“ఆ మూడూ నావమ్మా. రాయి ఊగింది. ఊగే రాయిని చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. తప్పే. కానీ తప్పుని మీచేత పుస్తకంలో రాయించలేను.”

మేడమ్ మొహం కందిపోయింది. “వారం రోజులు కొలతలు తీశాను మేస్త్రీ! బొమ్మలు గీశాను!” అని అరిచింది. కాసేపు అటూ ఇటూ నడిచి, “తియ్యండి. మీరు పెట్టినవి మీరే తియ్యండి. ఒక్కటి మిగలకూడదు” అంది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి తీశాడు. రెండోది తీశాడు. మూడోది లాగేసరికి వెనకాల సందులో ఇంకోటి కనిపించింది. చెయ్యి చాచినవాడల్లా టక్కున వెనక్కి తీసుకున్నాడు.

“ఇది నాది కాదు మేడమ్.”

“కచ్చితంగానా?”

“నా చెయ్యి నాకు తెలీదా? నేను ఎడమకి తిప్పుతాను. ఇది కుడికి తిరిగుంది. పైగా చూడండి, వేరు దీన్ని చుట్టుకుని అవతలికి పోయింది. వారంలో పెరిగే వేరా ఇది?”

మేడమ్ టార్చి వేసి, నేల మీద పడుకుని చూసింది. నిపుణులూ బట్టలు మాస్తాయని చూసుకోకుండా పక్కనే పడుకున్నారు. వేరు నిజమే. పెచ్చు చుట్టూ మట్టి రాయిలా గట్టిపడింది.

“మరి ఇదెవరిది?” అంది మేడమ్, పడుకునే.

“ముట్టడీ లేదు, గిట్టడీ లేదమ్మా. ఎంత తీరిగ్గా దూర్చాడో చూడండి. నాలాంటి మేస్త్రి. ఊగే రాయిని చూస్తే వాడికీ అన్నం సయించి ఉండదు.”

మేడమ్ లేచి మట్టి దులుపుకుంది. పుస్తకం తీసి ముట్టడి గురించి రాసిన పేజీ అడ్డంగా కొట్టేసింది. కోపం ఇంకా పోలేదు, గొంతులో తెలుస్తూనే ఉంది.

“రేపటి నుంచి మీరు ఒక్క రాయి కూడా ముట్టుకోవడానికి వీల్లేదు.”

“సరేనమ్మా” అన్నాడు మేస్త్రి. బుట్ట అందుకుని బయల్దేరాడు.

“ఎక్కడికి? రేపు చేతులు కట్టుకుని పునాది గుంటలో నా పక్కన నిలబడండి. నేను ముట్టుకుంటాను, మీరు చెప్పండి.”