వాగు గట్టు మీద శనివారపు ముద్ద

గాలి తుపాకీ కొనే ముందు నేను మూడు పుస్తకాలు చదివాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. నాకు డిగ్రీ లేదు. నల్లగొండలో ఐటీఐ చేసి, మోటారు వైండింగ్ షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో నా భార్యకు ఇంజనీరు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాను. మొదటి ఏడాది నాకు పని దొరకలేదు. ఆ ఏడాదంతా ఊరి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ నాదే. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలతో జర్మన్ మొదలుపెట్టి, చలికాలం దాటేసరికి తేనెటీగల పెంపకం దాకా వచ్చాను. ఇప్పుడు ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాను. లైబ్రరీ కార్డు మాత్రం పర్సులో అన్నిటికన్నా పైనే ఉంటుంది.

ఊరి చివర వాగు పక్కన చిన్న చిన్న తోటల వరస ఉంది. వాటిని ఒక సంఘం అద్దెకిస్తుంది. ఇక్కడ ఫెరైన్ అంటారు. మూడేళ్ళు ఎదురుచూస్తే మాకు వాగు గట్టు మీదే ఒక తోట దొరికింది. గోంగూర వేశాం, సొరపాదు పెట్టాం. కానీ ఆ తోట నాకు ముఖ్యమైంది గోంగూర వల్ల కాదు. వారమంతా మీటింగుల్లో మూడు భాషలు మాట్లాడి వచ్చే నా భార్య, శనివారం మధ్యాహ్నం అక్కడి ఆపిల్ చెట్టు కింద మడత కుర్చీలో రెండు గంటలు నిద్రపోయేది. ఇంట్లో ఆమెకు పగటి నిద్ర పట్టదు. రాత్రి నిద్ర కూడా అంతంతమాత్రమే.

తోట వచ్చిన రెండేళ్ళకు, వేసవిలో గట్టు కుంగడం మొదలైంది. నీటి అంచున కాలు పెడితే మోకాలి దాకా దిగబడింది. చూస్తే కింద బొరియలు. నూట్రియాలు. పిల్లికన్నా పెద్దవి, గుండ్రని తోక, తెల్ల మీసాలు, నారింజ రంగు పళ్ళు. దక్షిణ అమెరికా నుంచి బొచ్చు కోసం తెచ్చి పెంచితే, తప్పించుకుని వాగుల్లో చేరిన జాతి. ఇదంతా నేను లైబ్రరీలో చదివి నా భార్యకు చెప్పాను.

"పళ్ళు పచ్చగుంటయా? పసుపేమన్న తింటయా ఏంది?" అందామె.

"కాదు, ఇనుము. పంటి పైపొరలో ఇనుము ఉంటది."

"ఇనుముంటే గట్టు తవ్వక ఏం చేస్తది మరి."

పది రోజులకు ఫెరైన్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్టోబరులో గట్టు తనిఖీ చేస్తారు. ఏ తోట ముందు గట్టు గుల్లగా ఉంటే ఆ తోటను వెనక్కి తీసుకుని, గట్టు కట్టడానికి వాడుకుంటారు. నా భార్య ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టింది. ఆ శనివారం ఆమెకు చెట్టు కింద కూడా నిద్ర పట్టలేదు.

అప్పుడే తుపాకీ కొన్నాను. ఇక్కడ తక్కువ బలం ఉన్న గాలి తుపాకీ పద్దెనిమిదేళ్ళు దాటిన ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎంత దూరం నుంచి కొట్టాలి, తలలో ఎక్కడ గురిపెట్టాలి, ఏ గుండు వాడాలి, అన్నీ పుస్తకంలోంచి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. బ్యాడ్మింటన్ సంచిలో పెట్టుకుని తోటకు వెళ్ళి, ముందుగా పక్క తోట డాక్టరు గారికి చూపించాను.

డాక్టరు గారిది గుడివాడ. యాభై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, ఆసుపత్రిలో సర్జనుగా రిటైరయ్యారు. వేట లైసెన్సు ఉన్న తెలుగువాణ్ణి ఆయన్ని తప్ప నేను మరొకరిని చూడలేదు. సంచి తెరవగానే నవ్వారు.

"ఏవోయ్, యుద్ధానికి బయల్దేరావా?"

"నూట్రియాలకండీ. పుస్తకంలో స్పష్టంగా ఉంది, పన్నెండు మీటర్ల నుంచి..."

"ఏ దేశం పుస్తకం?"

మొదటి పేజీ తిప్పాను. ఇంగ్లండులో అచ్చయింది. మూడు పుస్తకాలూ అక్కడివే. తుపాకుల గురించి జర్మన్‌లో చదవడం కష్టమని ఇంగ్లీషువే తెచ్చుకున్నాను. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయని నాకు తట్టనే లేదు.

"నీ దాంతో కొడితే అది చావదురా అబ్బాయ్. గాయంతో బొరియలోకి పోయి అక్కడ మూడు రోజులు బాధపడి చస్తుంది. అదొకటి. రెండోది, ఇక్కడ జంతువును చంపాలంటే పరీక్ష ప్యాసవ్వాలి, ఆఫీసు వాళ్ళ కాగితం ఉండాలి. పోలీసు వస్తే నీ పుస్తకం చూపిస్తావా?"

నా ముఖం చూసి కాస్త తగ్గారు. "నేనూ ఆ పరీక్ష మొదటిసారి తప్పాలే. మనుషుల్ని కోసే చేతులు, బాతు రెక్క గుర్తుపట్టలేకపోయాయి."

తుపాకీ దుకాణానికి తిరిగి ఇచ్చేశాను. డాక్టరు గారే ఊరి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని, ఆ గట్టు మీద కొట్టడానికి అనుమతి తెచ్చారు. ఆయనదీ గాలి తుపాకీయే, కానీ బలమైనది, లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇచ్చేది. నా పని పక్కన కూర్చుని బైనాక్యులర్స్‌తో చూడడం.

మొదటి రోజు శనివారం, సాయంత్రం వెలుతురు బాగా ఉంది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు పని దొరకని ఏడాది మా అత్తగారు ఫోనులో ఎవరినో అడిగి, నాకు ఏలినాటి శని అని తేల్చారు. శనివారం శనివారం కాకికి నువ్వులన్నం పెట్టాలన్నారు. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు మంచుముక్కలని లైబ్రరీలో చదివినవాణ్ణి, ఒప్పుకోలేదు. నా భార్య వాదించలేదు, డబ్బాలో ముద్ద పెట్టి చేతికిచ్చింది. మూడో నెలలో పని దొరికింది. ఇక మానేద్దామంటే వినలేదు. "మధ్యల ఇడిచిపెడ్తరా?" అంది. తోట వచ్చాక ఆ ముద్ద వాగు అంచున ఒక చదునైన రాయి మీద పెట్టడం అలవాటైంది. పెట్టేసి, గుడిసెలోకి వెళ్ళి పుస్తకం తీసేవాణ్ణి. సాయంత్రానికి రాయి ఖాళీగా ఉండేది. కాకులు తిన్నాయనుకునేవాణ్ణి.

ఆ రోజు కూడా అలవాటుగా ముద్ద పెట్టి వచ్చి డాక్టరు గారి పక్కన కూర్చున్నాను. అరగంట గడిచింది. ఆయన తుపాకీ దూరదర్శినిలో చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"నీ చుట్టం వచ్చాడోయ్."

నీళ్ళలోంచి నూట్రియా పైకెక్కింది. చుట్టూ చూడలేదు, వెతకలేదు. తిన్నగా రాయి దగ్గరికి నడిచి, వెనక కాళ్ళ మీద కూర్చుని, నువ్వులన్నం ముందు కాళ్ళతో పట్టుకుని తినసాగింది. వెనకాల ఇంకొకటి, దాని వెనక సగం పెరిగినవి రెండు. తోటల వరసలో మా గట్టే ఎందుకు గుల్లయిందో అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళనుంచి పెడుతున్నావు?"

"రెండేళ్ళండీ."

"కాకి వచ్చేదాకా నిలబడవా?"

నిలబడలేదు. మా అమ్మ డాబా మీద నిలబడేది. కాకి ముట్టేదాకా కిందికి దిగేది కాదు, మేము ఆకలితో గోల చేసినా సరే. నేను పుస్తకం కోసం ముందే లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

డాక్టరు గారు ఆ రోజు కొట్టలేదు. "రాయి మాత్రం మంచి చోటు. వెనకాల మట్టి గోడ ఉంది, అది కదలకుండా కూర్చుంటుంది. వచ్చేవారం కూడా ముద్ద పెట్టు" అన్నారు.

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే నా భార్య వంట ఆపేసింది.

"దేవుని పేరు మీద పెట్టిన బువ్వ. అది తిననీకొస్తే చంపుతరా?"

"మరి తోట పోతది."

పొయ్యి మళ్ళీ వెలిగిస్తూ అంది: "ఎర పెట్టాల్నంటె క్యారెట్ పెట్టుండ్రి. నా ముద్ద ఇంట్లనే ఉంటది."

అప్పట్నుంచి రాయి మీద క్యారెట్లు, ఆపిల్ ముక్కలు. మొదటిసారి గురి పెట్టినప్పుడు నేనే డాక్టరు గారి చేయి పట్టుకున్నాను. లైబ్రరీ పుస్తకంలో చదివాను, నూట్రియాకు పాలిచ్చే చనుమొనలు పొట్ట కింద కాదు, పక్కల మీద, వీపుకు దగ్గరగా ఉంటాయి. పిల్లలు నీళ్ళలో ఈదుతూనే తాగడానికి. బైనాక్యులర్స్‌లో అవి కనబడ్డాయి.

"పాలిచ్చే తల్లి అండీ."

ఆయన తుపాకీ దించి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "నాకు కనబళ్ళేదు" అన్నారు. "ఇది చదివిన పుస్తకం ఏ దేశానిది?" అని అడిగారు.

"జర్మనీదే అండీ."

"అది దగ్గరుంచుకో."

తర్వాత వచ్చిన మగదాన్ని కొట్టారు. చప్పుడు పుస్తకం మూసినంతే. అది రాయి మీదే పక్కకు ఒరిగింది, మళ్ళీ కదలలేదు. డాక్టరు గారు వెళ్ళి కళ్ళు తాకి చూసి, వాగు పక్క విల్లో చెట్టు కొమ్మనుంచి చిన్న రెమ్మ తుంచి దాని నోట్లో పెట్టారు. ఆఖరి ముద్ద అని వేటగాళ్ళ ఆచారమట. జింకలకు పెడతారట.

"ఎలుక జాతికి కూడానా?"

"రూలు ప్రకారం పెట్టక్కర్లేదు. ఆపరేషనయ్యాక పేషెంటు దుప్పటి సర్దడం కూడా నా పని కాదు, నర్సు పని. అయినా సర్దేవాణ్ణి."

సెప్టెంబరు ఆఖరికి ఆరింటిని కొట్టారు. తల్లిని, పిల్లలు దాన్ని వదిలి తిరిగేదాకా ఆగి, చివరన కొట్టారు. గట్టు నిశ్శబ్దమైంది. కానీ బొరియలు బొరియలే. వాటికి కారణం కూడా నా దగ్గరే ఉంది. అద్దె కాగితంలో జంతువులకు మేత వేయకూడదని ఒక వాక్యం ఉంది. వేస్తే తోట తీసేసుకోవచ్చు. అన్నీ చదివే నేను అది కూడా చదివే సంతకం పెట్టాను. కాకి జంతువు కాదనుకున్నాను కాబోలు.

తనిఖీకి ముందు రోజు నా భార్యను అడిగాను, చెప్పాలా వద్దా అని.

"చెప్తే తోట పోవచ్చు" అంది. "చెప్పకపోతే తోట ఉంటది, నాకు అండ్ల నిద్ర పట్టది. ఇగ మీరే చూస్కోండ్రి."

ఫెరైన్ అధ్యక్షురాలు డెబ్బై ఏళ్ళ మనిషి. రబ్బరు బూట్లతో వచ్చి, పొడుగాటి ఇనుప కడ్డీని గట్టులోకి గుచ్చుతూ నడిచింది. పక్క తోటల ముందు జానెడు దిగి ఆగిన కడ్డీ, మా తోట ముందు సగం దిగిపోయింది.

"ఇక్కడే ఎందుకిలా?" అని అడిగింది.

డాక్టరు గారు కంచె దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నా వైపు చూడలేదు. నేను చెప్పాను. ప్రతి శనివారం, రెండేళ్ళు, ఈ రాయి మీద అన్నం.

"అన్నమా? బాతులకా?"

"కాకులకు."

"కాకులకు ఎందుకు?"

ఏలినాటి శనికి నా జర్మన్ సరిపోలేదు. ఇంటి ఆచారం అన్నాను. ఎవరికోసమని అడిగింది. నాకోసమేనన్నాను. ఆమె చాలాసేపు రాసుకుంది. చివరికి, వసంతం దాకా గడువిస్తానంది. బొరియలన్నీ నేనే తవ్వి, రాళ్ళు నింపి, పైన ఇనుప వల పరవాలి. అప్పుడు కడ్డీ జానెడు మించి దిగితే తోట పోతుంది. అన్నం ఇంకొక్కసారి కనబడినా పోతుంది.

చలికాలమంతా సెలవు రోజుల్లో రాళ్ళు మోశాను. శనివారం ముద్ద మా మూడో అంతస్తు బాల్కనీకి మారింది. ముందుగా బిల్డింగు నియమాలు మొత్తం చదివాను. పావురాలకు మేత వేయకూడదని ఉంది, కాకుల మాట లేదు. అయినా ఇంటి ఓనరుకు ఉత్తరం రాసి, ఆయన ఒప్పుకున్నాడని తెలిశాకే పెట్టాను. కాకి వచ్చేదాకా కోటు వేసుకుని నిలబడేవాణ్ణి. కొన్నిసార్లు ముప్పావు గంట పట్టేది. లోపల్నుంచి నా భార్య, "అచ్చిందా?" అని అడిగేది.

ఏప్రిల్‌లో అధ్యక్షురాలు అదే కడ్డీతో వచ్చింది. అది శనివారం మధ్యాహ్నం. రాయి ఉన్న చోట కడ్డీ ఆనించి, రెండు చేతులతో, ఒళ్ళంతా బరువేసి నొక్కింది. జానెడు దిగి, రాయికి తగిలి ఖంగుమంది. ఇంకో నాలుగు చోట్ల నొక్కింది. అన్నిచోట్లా అంతే.

ఏదో చెప్పబోయి నా వెనక్కి చూసింది. ఆపిల్ చెట్టు కింద మడత కుర్చీలో నా భార్య తల ఒక పక్కకు వాల్చి నిద్రపోతోంది. అధ్యక్షురాలు గొంతు తగ్గించి, "సరే, ఉంచుకోండి" అంది. కడ్డీ రాళ్ళకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, గట్టు వెంట వెళ్ళిపోయింది.