తొలికాపు పాట

కలకత్తా పక్కనున్న షాలిమార్ గూడ్సు యార్డులో బస్తాలు మోసే యెషయా ఈ చలికాలం ఇంటి వెనక బఠానీలు వేశాడు. విరిగిన పెట్టెల చెక్కలు పాతి, జనపతాడు కట్టి తీగలు పాకించాడు. తెల్లారగానే నడుం పట్టుకుని ఒంగి, ఒక్కో కాయనీ నొక్కి చూసేవాడు. ఒక్కటీ ఒలిచేవాడు కాదు. తొలికాపు కోతపండుగనాడు చర్చికివ్వాలి, ఆ తర్వాతే నోట్లో వేసుకోవాలి.

"నొక్కి నొక్కి సంపీకు మావా," అని పెళ్లాం డోర్కాస్ నవ్వేది.

పండుగనాడు కాయలన్నీ కోసి తువ్వాలులో మూటగట్టి ఇచ్చాడు. ఆరాధనయ్యాక కానుకలు వేలం వేశారు. తన మూట పైకెత్తగానే యెషయా ప్రాణం కొట్టుకుంది. ఒక్క గింజైనా రుచి చూడలేదే! లేచి పాట పాడాడు. ఆడవాళ్ల వైపు స్తంభం చాటున ఓ చెయ్యి లేచింది. అతను పెంచాడు. ఆ చెయ్యీ పెంచింది. పంతమొచ్చి తొంగిచూస్తే ఇంట్లో రోజూ చూసే పచ్చగాజులే.

"ఓసి, నువ్వేటే!"

"నీకోసమే మావా! ఆశపడ్డావు కదేటి!"

చర్చి అంతా గొల్లుమంది. వేలం వేసే పెద్దాయన నవ్వాపుకోలేక మూట వాళ్లకే ఇచ్చేశాడు.

"కూరొండుతాను, ముట్టుకోకు," అంది డోర్కాస్, మెట్లు దిగుతూ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంటూ. ఇల్లు చేరేసరికి తువ్వాల్లో తొక్కలే ఉన్నాయి.