కంటి కింది నీడ

నిర్మల్‌లో కొండల్ చేతి మీదుగా ఎన్ని బంగారు లేళ్లు వెళ్లాయో లెక్కలేదు. నల్లరంగు పలక మీద ముప్పై ఏళ్లుగా అవే లేళ్లు, అవే నెమళ్లు. రంగు ఆరగానే వార్నిషు పూసి తళతళలాడించాలి, అప్పుడే పలక గడప దాటాలి. అక్కడి పని పద్ధతి అది. కళ్లు మూసుకున్నా చేయి దాని పని అది చేసుకుపోయేది. ఇంతకు మించిన విసుగేముంటుంది?

ఒకసారి చెన్నూరు వైపు దొరల గడీలో తలుపులకు రంగు వేయబోయి, గోడ మీద నూనెరంగుల బొమ్మ చూశాడు. ఎవరో ముసలి దొర మొహం. కంటి కింద నీడ! అచ్చం మనిషికి పడ్డట్టే! ఆ పూట అతనికి అన్నం సయించలేదు. తను వేసిన లేళ్లలో ఒక్కదానికైనా నీడ ఉందా?

హైదరాబాదు వెళ్లి నూనెరంగుల ట్యూబులు కొనుక్కొచ్చాడు. భార్య కమలవ్వను ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆమె ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటే, సెలవు దొరికినప్పుడల్లా ఇంతింత వేశాడు. ఏడాది పట్టింది. ఆ అలసిన కళ్ల కింద నీడ కుదిరిననాడు కొండల్‌కు ఏడుపొచ్చింది. జన్మలో తనదంటూ ఒక్క బొమ్మ!

1978లో హైదరాబాదు ప్రదర్శనకు దాన్ని పంపాలనుకున్నాడు. లారీ మర్నాడే. నూనెరంగు లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుందని, అందాకా వార్నిషు పూస్తే పగులుతుందని ట్యూబులమ్మినవాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా! మెరుపు లేని పలకను గడప దాటించాలంటే ఆ చేతికి సిగ్గేసింది. వార్నిషు పూసేశాడు మహానుభావుడు.

రెండు నెలలకు బొమ్మ వెనక్కి వచ్చింది. మొహమంతా పగుళ్లు. కంటి కింది నీడ పెచ్చులై లేచిపోయింది.

"ఖరాబు చేసిన్నే. నా చేతులతోనే ఖరాబు చేసిన," అన్నాడు కొండల్, గోడకు జారగిలబడి.

కమలవ్వ బొమ్మను చాలాసేపు చూసింది. "ఫికర్ జెయ్యకు. ఏడాది కూసున్నదాన్ని, ఇంకో ఏడాది కూసోలేనా? గీసారి మాత్రం మెరుగు పెట్టకు," అంటూ చాట ఒళ్లోకి లాక్కుంది.

కొండల్ పెట్టె తెరిచాడు. ట్యూబులన్నీ అడుగంటా పిండేసినవే. పెట్టె మూసేశాడు. ఉత్త కుంచె పట్టుకొని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"అయితుందా?" అని అడిగింది కమలవ్వ, తలెత్తకుండా.

"అయితుంది. కదలకు," అన్నాడు.