మరకలు వేసే నాన్న... మచ్చలేని ఇల్లు

మా చిన్నప్పుడు మా నాన్న పని, కొత్త గోడల్ని పాడుచేయడం...

నిజమే. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకి రంగులు వేసేవాడు. వడ్రంగులు చెక్కతో ఇల్లు కట్టి వెళ్ళాక, అది నలభై ఏళ్ళ ఇల్లులా కనబడేట్టు చేయడం ఆయన వంతు. స్విచ్చుబోర్డు చుట్టూ వేళ్ళ మురికి. కిటికీ కింద వాన చారలు. టీ డికాషన్, బొగ్గుపొడి, కాస్త ఆముదం... సరంజామా అంతా మా వంటింట్లోంచే వెళ్ళేది.

సెలవుల్లో ఒక్కోసారి నన్నూ తీసుకెళ్ళేవాడు. నేనో మూల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అప్పుడే వేసిన మరక చూపించి, "ఈ ఇంట్లో ఎవరుంటారో చెప్పు చూద్దాం" అనేవాడు. గోడ మీద గుండ్రటి నూనె మరక ఉందంటే... భోజనం చేసి అక్కడ జారబడే తాతగారు ఒకరున్నారన్నమాట. ఆ తాతగారు సినిమాలో ఎక్కడా కనిపించేవారు కాదు. నాకు మాత్రం హీరో కంటే ఆయన గురించే తెలుసుకోవాలని ఉండేది.

నేను ఆరో తరగతికి వెళ్ళబోయే వేసవిలో, మేముంటున్న పోర్షన్ ఖాళీ చేయమన్నారు. పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారట. బడులు తెరిచేలోగా వెళ్ళిపోవాలి.

"ఇంకో అద్దింటికి నేను రాను. చిన్నదైనా సరే, మనదంటూ ఒకటి చూడండి" అంది అమ్మ. అమ్మ అంత గట్టిగా అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ వేసవిలో ప్రతి ఆదివారం స్కూటర్ మీద ఇళ్ళు చూశాం. మధ్యలో నేను ఇరుక్కుని... జూబ్లీహిల్స్‌లో డ్రైవర్లు కార్లు తుడుస్తున్న గేట్లన్నీ దాటుకుని, మాకు అందే పేటల్లోకి దిగేవాళ్ళం.

ఏ ఇల్లూ నాన్నకి నచ్చేది కాదు. ఒకచోట గోడకి చెమ్మ. ఒకచోట తలుపు మీద గీతలు. ఇంకోచోట గచ్చు మీద రోలు లాగిన గుంట. రోజూ కష్టపడి ఏ మరకలు వేసేవాడో, సరిగ్గా వాటికే మొహం చిట్లించేవాడు.

యూసుఫ్‌గూడలో ఒక్క ఇల్లు మాత్రం... రోడ్డవతల నిలబడి, రెండు చేతుల వేళ్ళూ చట్రంలా పట్టుకుని చూసి, "ఇదీ ఇల్లంటే!" అన్నాడు. తెల్లటి గోడలు. ఒక్క మచ్చ లేదు. అమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి వచ్చింది.

"అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతాయండీ?"

నాన్న ఆ సంగతి చూడనేలేదు. సెట్లో ఏ ఇంటికీ తూము ఉండదు.

"పోనీ, ఆ సెట్లోనే కాపురం పెట్టేద్దాం పదండి. ప్యాకప్ చెప్పేదాకా ఉండొచ్చు" అంది అమ్మ. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

బడులు తెరవడానికి పది రోజులున్నాయనగా, ఎర్రగడ్డ మార్కెట్ వెనక సందులో ఓ పాత ఇల్లు చూశాం. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు. గుమ్మం కాస్త ఒరిగి ఉంది. దాన్ని చూడగానే నాన్న మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. అమ్మ ఆ ఒరిగిన గుమ్మంలోనే కూలబడింది.

నేను ముందుగది గోడ చూస్తున్నాను. కూర్చుంటే తల ఆనే ఎత్తులో, నూనె మరక.

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగిలేది కాదు. కాన్వెంటులో సిస్టర్ లేపి అడిగితే, వచ్చిన జవాబు కూడా మింగేసేదాన్ని. ఆ రోజు మాత్రం, ఇల్లమ్మే ముసలామెని అడిగేశాను... "ఇక్కడ ఎవరు కూర్చునేవారండీ?"

"మా అత్త, బిడ్డా. పొద్దుగాల కూసుంటే మాపటిదాంక గాడనే. ఎన్నిసార్లు సున్నమేసినా గా మరక మళ్ల పైకొస్తది. ఏం జెయ్యాలె!"

నాన్న చెప్పులు వదిలి లోపలికి వచ్చాడు. మరక ముందు గొంతుకు కూర్చున్నాడు. వేలితో దాని అంచు తడిమాడు.

"ఇది గుండ్రంగా లేదే... ఒక పక్కకి జారింది."

"అవ్ మరి. తలకాయ ఎప్పుడు తలుపు దిక్కే తిప్పేది. సందుల ఎవరొస్తుండ్రు, ఎవరు పోతుండ్రు... అందర్ని పల్కరించేది."

నాన్న అమ్మ వైపు తిరిగి, "ఇన్నేళ్ళూ తప్పు వేశానే... నా సెట్ల తాతలంతా ఎదుటి గోడనే చూస్తూ కూర్చున్నారు" అన్నాడు.

ఆ ఇల్లే కొన్నాం.

ఆ గుమ్మం మేమున్నన్నాళ్ళూ ఒరిగే ఉంది. వానాకాలం తలుపు భుజంతో నెడితే గాని పడేది కాదు. చేరేముందు నాన్న ఇల్లంతా తనే రంగు వేశాడు... ఆ జానెడు చోటు వదిలేసి.

"చూసినవాళ్ళు ఏమనుకుంటారండీ?" అంది అమ్మ.

"ఎవరో ఉన్నారనుకుంటారు."

నా కథల పుస్తకాలన్నీ ఆ మరక కిందే చదివాను. మొదట్లో అది నా తలకి బెత్తెడు పైన ఉండేది. పదో తరగతికి వచ్చేసరికి అందుకున్నాను.

ఇప్పుడు నా మొదటి ఇల్లు నేను వెతుక్కుంటున్నాను. ఫోన్‌లో పెద్ద జాబితా... వెలుతురు, చెమ్మ, పగుళ్ళు. నాన్న కూతుర్నే మరి. పోయిన ఆదివారం శ్రీనగర్ కాలనీలో ఓ పాత ఫ్లాటు చూసి, చెమ్మ దగ్గరే వద్దనుకున్నాను. బయటికి వస్తుంటే కనబడ్డాయి... తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు. ఎవరో పిల్ల, ఏటేటా ఎంత ఎదిగిందో. చివరి గీత నా భుజం దగ్గర ఆగింది.

"ఫికర్ జేయకుండ్రి మేడమ్, పెయింటేయిస్తం" అన్నాడు బ్రోకరు. "ఇప్పటి రంగులకు మరకలే అంటవు. తడిబట్టతోని తుడిస్తే సాఫ్!"

రంగు వేయించొద్దన్నాను. ఇంటికొచ్చి నాన్నకి చెమ్మ సంగతి, గీతల సంగతి రెండూ చెప్పాను. "చివరి గీత ఎంత ఎత్తుంది?" అని మాత్రం అడిగాడు. ఈ ఆదివారం ఇద్దరం కలిసి మళ్ళీ వెళ్తున్నాం.

అన్నీ తుడిస్తే పోయే గోడలు వచ్చేశాయి... మనం కూర్చున్న చోటు ఇక ఏ పిల్ల కనిపెడుతుందో.

మీ చిన్నప్పటి ఇంట్లో ఏ గోడ మీద ఏ మరక ఉండేది? ఎవరిది?