మహాతల్లి కోసం ప్రార్థన

అమెరికాలో, షాంటిలీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఆరు నెలలూ మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు తప్పని పని ఒకటి ఉండేది. రెండిళ్ళ అవతల ఉండే స్నేహితురాలు ఫోన్ చేసి, "వదినా, మహాతల్లి వచ్చే వేళయింది" అనేది. కోటు తగిలించుకుని వెళ్ళేదాన్ని.

ఆవిడ కాకినాడలో స్టాఫ్ నర్సుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చింది. తెలుగు చర్చికి ఒక్క ఆదివారం కూడా మానదు. నేను హేతువాద సభల్లో, దేవుడు ఉన్నాడా లేడా అనే వాదాల్లో గొంతు అరగదీసుకున్నదాన్ని. మా ఇద్దరినీ ఒక సోఫా మీద కూర్చోబెట్టింది ఒక అమెరికన్ సీరియల్.

మహాతల్లి అన్నది మేం పెట్టుకున్న పేరు. అందులో కుట్రలన్నీ ఆమెవే. నలభై ఏళ్ళుగా ఒకే నటి ఆ వేషం వేస్తోందట. ఖాళీ శవపేటిక పాతిపెట్టించి తాను చచ్చిపోయానని నమ్మించింది. ఆసుపత్రి రిపోర్టులు మార్చేసింది. ఒకే మనిషిని రెండుసార్లు పెళ్ళాడి రెండుసార్లూ ముంచింది. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు ఎదుటివాళ్ళకి వీపు తిప్పి మన వైపు చూస్తుంది. వాళ్ళు ఆ వీపుతోనే మాట్లాడుతూ ఉంటారు. అమెరికాలో ఎవరూ అలా మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఇంగ్లీషు వేగం మాకు అందక కింద అక్షరాలు పెట్టుకుని చదివేవాళ్ళం. అక్షరాలు దాటిపోయినా ఆ వీపు మాత్రం అర్థమయ్యేది.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. ఇంత చేసినా సీరియల్లోని ఆ ఊరు ఆమెను వెలివేయదేం? పోయిన నెల ఎవరి కాపురం కూల్చిందో, ఈ నెల వాళ్ళింటి పెళ్ళికే సిల్కు గౌను వేసుకుని వెళ్తుంది. ఎవరో ఒకరు గ్లాసు చేతికిస్తారు కూడా.

"మారుమనస్సు కలిగితే బాగుపడుతుంది వదినా," అంది ఆవిడ ఒకరోజు.

"కలగదు. జీతాలు తీసుకుని రాసేవాళ్ళు కలగనివ్వరు. ఆమె మంచిదైన రోజు వాళ్ళందరూ ఇళ్ళకి పోవాలి."

"ప్రార్థనకి లొంగని గుండె ఉండదు."

"అయితే చేసి చూపించండి. మీ దేవుడు పెద్దవాడో, ఆ రచయితలు పెద్దవాళ్ళో తేలిపోతుంది."

గెలిచానని నవ్వుకున్నాను. సరదాకి అన్నాను. ఆవిడ మాత్రం సరదాకి తీసుకోలేదు.

వాళ్ళ చర్చివాళ్ళు ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కాటేజ్ మీటింగ్ అని ప్రార్థన కూటం పెట్టుకుంటారు. చివర్లో ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెబుతారు. ఎవరి తప్పు గురించైనా చెప్పాల్సి వస్తే పేరు చెప్పకూడదని మర్యాద. 'ఒక సహోదరి' అంటే చాలు. ఆ శుక్రవారం మా స్నేహితురాలు లేచి, "రోజూ కళ్ళారా చూస్తున్న ఒక సహోదరి కోసం ప్రార్థించండి. నోరు తెరిస్తే అబద్ధం. కొడుకుని తల్లికి కాకుండా చేసింది. ఆమె మనసు మారాలి," అందట. చెబుతూ కళ్ళు తుడుచుకుందట కూడా. ఆ వారమే మహాతల్లి ఒక కుర్రాణ్ణి కన్నతల్లి గుమ్మం తొక్కకుండా చేసింది మరి.

ఆఫీసు కాల్ ఉండి ఆవిడ కోడలు ఆ రోజు మీటింగ్‌కి వెళ్ళలేదు.

సోమవారం చర్చి ఆడవాళ్ళిద్దరు కేకు పట్టుకుని వచ్చి, అత్తగారు స్నానానికి వెళ్ళిన సందు చూసి కోడలి పక్కన చేరారు. "అత్తగారు పెద్దావిడ. ఎన్నాళ్ళుంటారు చెప్పమ్మా? సర్దుకుపోవాలి," అన్నారు. కోడలు తెలివిగలది. రెండో వాక్యానికే సంగతంతా లాగింది. ఆ సాయంత్రం నుంచి అత్తగారితో మాట మానేసింది.

గురువారం నేను వెళ్ళేసరికి టీవీ ఆపేసి ఉంది.

"టికెట్ ముందుకి జరపమని మా అబ్బాయికి చెప్పాను వదినా. వెళ్ళిపోతాను."

"టీవీలో మనిషి అని చెప్పొచ్చుగా!"

"చెప్పాను. టీవీలో మనిషి కోసం ఎవరైనా ఏడ్చి ప్రార్థిస్తారా అత్తయ్యా, అంది. నేనేం చెప్పను?"

కోడలిది నా పద్ధతే. రుజువు లేకుండా నమ్మలేదు. ఆ పందెం వేసింది నేను. ఆవిడ కాక దానికి సాక్షిని కూడా నేనొక్కదాన్నే.

మర్నాడు మీటింగ్ వాళ్ళింట్లోనే. కోడలు మెట్ల మీద సగంలో చేతులు కట్టుకుని నిలబడింది. పాటలయ్యాక పాస్టర్‌గారు, "ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు. నేను లేచాను. ఇలాంటి సాక్ష్యాలను ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో గుర్తొచ్చింది.

"ఆ సహోదరి ఈ ఇంట్లోనే ఉంది. చూపిస్తాను," అని మధ్యాహ్నం రికార్డయిన భాగం కోసం రిమోట్ నొక్కాను.

మహాతల్లి తెర మీదికొచ్చింది. వీపు తిప్పింది. కనుబొమ్మ ఎత్తింది. కేకు తెచ్చిన ఇద్దరిలో పెద్దావిడ ముందుకి వంగి, "అయ్యో, ఈవిడ ఇంకా ఉందా! నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చూసేదాన్ని. మొగుణ్ణి బావిలో తోసిందిగా!" అంది. అందరూ ఘొల్లుమన్నారు. పందెం కట్టి ఆవిణ్ణి రెచ్చగొట్టింది నేనేనని కూడా చెప్పేశాను.

కోడలు నవ్వలేదు. కిందికి దిగి కేకు తెచ్చిన పెద్దావిడ ముందుకి వచ్చింది.

"ఓకే, అది టీవీ. ఒప్పుకున్నాను. కానీ ఆంటీ, పేరు లేదు కదా. ఇంతమందిలో ఒక్కరైనా 'ఎవరు?' అని అడగలేదేం? డైరెక్ట్‌గా నేనే అని ఎలా ఫిక్స్ అయ్యారు?"

నేను నెలల తరబడి ఆ ఊరి గురించి అడుగుతున్న ప్రశ్న కంటే ఇది మెరుగైన ప్రశ్న. నలభై ఏళ్ళు కుట్రలు చేసినదాన్ని పెళ్ళికి పిలిచే ఊరది. ఏమీ చెయ్యని పిల్లని ఒక్క సాయంత్రంలో దోషిని చేసిన గది ఇది.

మా స్నేహితురాలు లేచి వెళ్ళి కోడలి చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. ఎవరో చెప్పకుండా ఏడ్చాను. వాళ్ళు నిన్ను అనుకోగలరని నాకు తట్టలేదు. నాకెప్పుడూ అలా అనిపించలేదు కాబట్టే తట్టలేదు."

కోడలు చెయ్యి లాక్కోలేదు. అంతకు మించి ఆ సాయంత్రం ఏమీ జరగలేదు.

సోమవారం ఒంటిగంటకి ఫోన్ వచ్చింది. వెళ్ళాను. కాసేపటికి కోడలు లంచ్ ప్లేటుతో దిగి వచ్చి మా మధ్య కూర్చుంది. టికెట్ సంగతి నేను అడగలేదు.

"ఇరవై నిమిషాలే బ్రేక్. ఆ కొడుకు ఎవరు అత్తయ్యా? వాళ్ళమ్మ ఏది?"

"చెబుతాను. ముందు అన్నం కలుపుకో," అంది ఆవిడ, టీవీ సౌండ్ తగ్గిస్తూ.